మారుతుందనే సంగతైనా రాసిపెట్టండి మహాప్రభో

"డాక్యుమెంట్ చేస్తే జనం వాడేస్తారండీ. వాడేస్తే ఇక మేం మార్చలేం. అందుకే రాయం."

ఈ వృత్తిలోకి వచ్చినప్పట్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. కెర్నెల్ పని చేసేవాళ్ళ దగ్గర విన్నాను, డ్రైవర్లు రాసేవాళ్ళ దగ్గర విన్నాను, ఆఖరికి మా పక్క టీములో రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడి నోటా విన్నాను. వినడానికి ఎంతో బాధ్యతగా, ముందుచూపుతో అన్నట్టు ఉంటుంది. నా మటుకు నాకు మన ఫీల్డులో ఇంతకంటే బాధ్యత లేని మాట ఇంకోటి లేదనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. కొంచెం పెద్ద కథే, కాఫీ కలుపుకుని రండి.

2011 నాటి సంగతి. అప్పుడు నేనో కంపెనీలో సర్వర్ల బాగోగులు చూసే ఏజెంటు తయారుచేసే టీములో ఉన్నాను. బ్రహ్మవిద్యేం కాదు. ప్రతి సర్వర్లోనూ ఓ చిన్న ప్రోగ్రాం కూర్చుని డిస్కులెన్ని ఉన్నాయి, పాడైనవెన్ని అని నిమిషానికోసారి లెక్క తీసి పైకి పంపిస్తుంది. పైన ఓ తెర మీద పచ్చచుక్కలూ ఎర్రచుక్కలూ. డిస్కుల లెక్క తీసే ముక్క మా టీములో చిన్నవాడు రాశాడు. మావైపు కుర్రాడే, నన్ను అన్నా అని పిలిచేవాడు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో 'బ్లాక్' అనే డైరెక్టరీ తెరిచి, దాని కింద ఉన్న ఒక్కో డైరెక్టరీ ఒక్కో డిస్కు అని లెక్కపెట్టుకుంటూ పోవడం, దారి తప్పి చక్కర్లు కొట్టకుండా లింకుల్ని వదిలెయ్యడం. అంతే కోడు. 2.6.18 కెర్నెల్ మీద బ్రహ్మాండంగా నడిచింది. రివ్యూ చేసి సరే అన్నది ఎవరనుకుంటున్నారు? నేనే.

కస్టమరు ఓ శుభముహూర్తాన సర్వర్లన్నీ 2.6.32కి మార్చుకున్నాడు. ఈ రెండు కెర్నెళ్ళకీ మధ్య ఓ సర్దుబాటు జరిగింది. 'బ్లాక్' కింద అంతకుముందు అసలు డైరెక్టరీలే ఉండేవి. ఇప్పుడవి 'డివైసెస్' కిందకి వెళ్ళిపోయి, వాటి స్థానంలో లింకులు మిగిలాయి. మా కోడు లింకుల్ని వదిలేస్తుంది కదా! దాంతో మొత్తం డిస్కులు: సున్నా. పాడైన డిస్కులు: సున్నా. తెర మీద అన్నీ పచ్చచుక్కలే. ఆ డేటాసెంటరు పుట్టి బుద్ధెరిగాక అంత ఆరోగ్యంగా ఎప్పుడూ కనబడలేదు :)

మూడు వారాలకి ఓ సర్వర్లో జతగా ఉన్న రెండు డిస్కుల్లో ఒకటి పోయింది. ఎవరికీ తెలీలేదు. ఇంకో తొమ్మిది రోజులకి రెండోదీ పోయింది. అప్పుడు అందరికీ తెలిసింది. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి ఒక రోజు డేటాతో సరిపోయింది. ఆ ఒక్క రోజులోనే కస్టమరు ఎన్ని ఆర్డర్లు తీసుకున్నాడో తర్వాత కాల్‌లో ఒకటికి నాలుగుసార్లు వినిపించాడు.

తప్పెక్కడ జరిగిందో రిపోర్టు రాయాలి కదా. అందులో చివరికి తేల్చింది ఇది: డెవలపరు స్థిరత్వానికి హామీ లేని ఇంటర్‌ఫేసు మీద ఆధారపడ్డాడు. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ ఏడాది ఆ కుర్రాడి రేటింగు ఓ మెట్టు దిగింది. రివ్యూ చేసిన నాది దిగలేదు. నేనూ నోరెత్తలేదు. అది నా సిగ్గు, నేను మోస్తున్నాను. కానీ వాడు అడిగిన ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇది మారుతుందని ఎక్కడ రాసుందన్నా?"

వెతికాను. రాసుంది!

కెర్నెల్ సోర్సులో డాక్యుమెంటేషన్ డైరెక్టరీలో సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి సమాచారం ఎలా తీసుకోవాలో చెప్పే నియమాల ఫైలు ఒకటుంది. 2007లో పెట్టారు. సిస్‌ఎఫ్‌ఎస్ అనేది కెర్నెల్ లోపలి నిర్మాణాన్ని బయటికి చూపిస్తుంది, లోపలిది మారితే ఇదీ మారొచ్చు, అసలు పరికరాలన్నీ 'డివైసెస్' కిందే ఉన్నాయనుకోండి, మిగతా చోట్ల కనబడేవి లింకులనుకుని వాటిని విప్పుకుని చూడండి, ఇలా కాకుండా ఇంకోలా ఊహించుకుంటే అది మీ అప్లికేషన్లో బగ్గు అని నిక్కచ్చిగా చెప్పారు. చదువుతుంటే ఒళ్ళు మండింది. రాసినందుకు కాదు. ఇంత చక్కగా రాసి ఎక్కడ పెట్టారయ్యా అని. అప్లికేషన్ రాసుకునేవాడు కెర్నెల్ సోర్సు దించుకుని దాని డాక్యుమెంటేషన్ డైరెక్టరీ ఎందుకు తిరగేస్తాడు? వాడు టెర్మినల్లో మ్యాన్ పేజీ కొడతాడు. ఆ రోజుల్లో 'మ్యాన్ సిస్‌ఎఫ్‌ఎస్' అని కొడితే ఏమొచ్చేదో తెలుసా? అదే పేరున్న, దీనికే సంబంధమూ లేని ఓ పాతకాలపు సిస్టం కాల్ పేజీ! ఈ ఫైల్‌సిస్టం గురించిన పేజీ ఆ తర్వాత చాన్నాళ్ళకి గానీ రాలేదు.

కాబట్టి నా గోల రెండు ముక్కల్లో ఇది. మారే ఇంటర్‌ఫేసుని డాక్యుమెంట్ చెయ్యకపోవడం తప్పు. చేసి, వాడేవాడికి కనబడని చోట పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

ముందు ఓ అపోహ తీసేద్దాం. "లినక్సులో స్థిరమైన ఏపీఐ లేదు" అని మనవాళ్ళు ఇంటర్వ్యూల్లో కూడా ధీమాగా చెప్పేస్తుంటారు. గ్రెగ్ క్రోహార్ట్‌మన్ రాసిన ఓ ప్రసిద్ధమైన డాక్యుమెంటు ఉంది కెర్నెల్లోనే. దాని పేరు మాత్రమే చదివితే ఇలాంటి జ్ఞానమే వస్తుంది. లోపల ఆయన స్పష్టంగా రెండు ముక్కలు చేశాడు. కెర్నెల్ లోపల డ్రైవర్లు ఒకదాన్నొకటి పిలుచుకునే ఇంటర్‌ఫేసు ఎప్పుడైనా మారుతుంది. బయటి ప్రోగ్రాములు వాడుకునే సిస్టం కాల్ ఇంటర్‌ఫేసు మారదు. పదిహేనేళ్ళ కిందటి ప్రోగ్రాం కూడా నడవాలి. యూజర్‌స్పేసుని విరగ్గొట్టకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ పెట్టుకున్న మొదటి నియమం. 2012 డిసెంబరులో ఈ విషయం మీదే ఒక మెయింటెయినరుని అందరి ముందూ ఎలా కడిగేశాడో మనలో చాలామందికి గుర్తే.

రెండు కొసలూ శుభ్రంగానే ఉన్నాయి. గొడవంతా మధ్యలో ఉన్న గోడ మీద పిల్లులతోనే. సిస్‌ఎఫ్‌ఎస్, ప్రాక్ కింద ఉన్న ఫైళ్ళు, డీబగ్‌ఎఫ్‌ఎస్, ట్రేస్‌పాయింట్లు, ఈ మధ్య బీపీఎఫ్. ఇవి బయటివాళ్ళకి కనబడతాయి, లోపలి విషయాలు చెప్తాయి. స్థిరమా అంటే అవునూ కాదూ. మన మానిటరింగు ఏజెంట్లు, ప్రొఫైలర్లు, కంటైనర్ల సరంజామా, సెక్యూరిటీ టూళ్ళు అన్నీ బతికేది ఈ గోడ మీదే.

ఇప్పుడు అవతలివాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. వాళ్ళ భయం ఉత్తుత్తిది కాదు.

2.6.39 కెర్నెల్ 2011లో వచ్చింది. అందులో పాతకాలపు బిగ్ కెర్నెల్ లాక్‌ని పూర్తిగా పీకేశారు. ఆ లాక్‌ని తీసెయ్యడంలో సాయంగా ఉంటుందని అంతకుముందు ప్రతి ట్రేస్ ఈవెంటులోనూ ఒక అంకె పెట్టారు. లాకే లేనప్పుడు ఆ అంకెందుకని అదీ తీసేశారు. వెంటనే పవర్‌టాప్ అనే టూలు విరిగి కూర్చుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎవరు తినేస్తున్నారో చూపించేది, చాలామంది వాడేది. అది ఈవెంటులో ఏ బైటు ఎక్కడుంటుందో బల్లగుద్ది కోడులో రాసేసుకుంది. నియమం నియమమే కాబట్టి కెర్నెల్ వెనక్కి తగ్గింది. తీసేసిన అంకె ఉన్న చోట ఖాళీ బైట్లు పెట్టి పూడ్చారు. కొన్నాళ్ళపాటు ప్రపంచంలో ప్రతి ట్రేస్ ఈవెంటూ ఒక టూలు కోసం నాలుగు ఉత్త బైట్లు మోసింది. ఇలాంటివి చూసే అల్ విరో లాంటివాళ్ళు వీఎఫ్‌ఎస్‌లోకి ట్రేస్‌పాయింట్లు రానివ్వమని భీష్మించుకున్నారు. పెడితే ఎవడో వాడతాడు, వాడితే అది శాశ్వతమైపోతుందని.

వాళ్ళ కోపం అర్థమవుతుంది. కానీ ఈ కథ ఎవరి వాదనని బలపరుస్తోందో ఒక్క క్షణం ఆలోచించండి. ఆ బైట్ల అమరిక స్థిరమని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయకపోయినా అది శాశ్వతమైపోయింది! లైనస్ నియమం ప్రకారం డాక్యుమెంటులో ఏముందన్నది లెక్కలోకి రాదు, జనం ఏం వాడుతున్నారన్నదే లెక్క. మరి రాయకుండా ఉండి కెర్నెల్‌వాళ్ళు కాపాడుకున్నదేమిటి? ఏమీ లేదు. పైగా ఆ అమరిక మారుతుందని తెలిసే, దాన్ని ప్రోగ్రాం నడిచేటప్పుడే చదువుకునేందుకు ప్రతి ఈవెంటు పక్కనా 'ఫార్మాట్' అని ఓ ఫైలు పెట్టారు. తాళంచెవి తలుపు పక్కనే వేలాడుతోంది. అయినా పవర్‌టాప్ తలుపు బద్దలుకొట్టుకుని వెళ్ళింది. ఆ ఫైలుని చదివిపెట్టే లైబ్రరీ, దాన్ని ఎలా వాడాలో చెప్పే నాలుగు పేజీలు మొదటి రోజే చేతిలో పెట్టుంటే ఈ గొడవ వచ్చేదా? నాకైతే నమ్మకం లేదు.

ఇంకో కథ దీన్ని మించింది. బోగోమిప్స్ గురించి వినే ఉంటారు. కెర్నెల్ బూటయ్యేటప్పుడు ఆలస్యం లెక్క కట్టుకోడానికి వేసుకునే ఓ కాకిలెక్క. పేరులోనే 'బోగస్' పెట్టుకుంది పాపం, నన్ను నమ్మకండి బాబూ అని. ఏఆర్‌ఎం ప్రాసెసర్ల మీద ఆలస్యాన్ని టైమరుతో కొలవడం మొదలయ్యాక దానికి ఆ కాస్త అర్థమూ లేకుండా పోయింది. సరే అని 2013లో ప్రాక్ కింద ఉన్న సీపీయూఇన్‌ఫో ఫైల్లోంచి ఆ లైను తీసేశారు. 2015 జనవరిలో మళ్ళీ తెచ్చి పెట్టాల్సొచ్చింది. పైథాన్లో ఆడియో వాడే ప్రోగ్రాములు ప్రాసెసరు వేగం కనబడట్లేదని చచ్చిపోతున్నాయట! బోగస్ అని పేరు పెట్టినా జనం నమ్మారు. ఎందుకంటే పేరు డాక్యుమెంటేషన్ కాదు. "ఇది వేగం కాదు, వేగం కావాలంటే ఫలానా చోట చూడు" అని చెప్తేనే డాక్యుమెంటేషన్.

ఇక్కడో విషయం పట్టుకోండి. ఎవరైనా దొంగదారిలో ఎందుకు వెళ్తారు? అడ్డదారంటే సరదా అయ్యి కాదు. రాజమార్గం ఎక్కడుందో తెలీక. లేదా ఆ మార్గమే లేక.

బెజవాడ స్టేషన్ తీసుకోండి. టికెట్టు మీద రైలు నంబరుంటుంది, బోగీ ఉంటుంది, బెర్తు ఉంటుంది. ప్లాట్‌ఫారం నంబరు ఉండదు. ఎందుకుండదు? మారుతుంది కాబట్టి. ముద్రించేస్తే దానికి కట్టుబడి ఉండాలి కాబట్టి. బాగుంది. మరి అంతమాత్రాన రైల్వేవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటారా? మైకులో మూడు భాషల్లో చెప్తారు, బోర్డు మీద వేస్తారు. ఆఖరి నిమిషంలో మారితే మళ్ళీ చెప్తారు. మనం సామాన్లేసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, తిట్టుకుంటూ వంతెనెక్కి పరిగెడతాం. తిట్టుకుంటాం గానీ రైలైతే ఎక్కుతాం. "ప్లాట్‌ఫారం చెప్తే జనం అక్కడే నిలబడతారు, తర్వాత మేం మార్చలేం, అందుకని చెప్పం" అని స్టేషన్ మాస్టరు అంటే ఏమంటాం? కెర్నెల్‌వాళ్ళంటే మాత్రం తలూపుతాం.

వాగ్దానం వేరు, సమాచారం వేరు. టికెట్టు వాగ్దానం, మైకు సమాచారం. డాక్యుమెంటేషన్ అంటే టికెట్టొక్కటే అనుకోవడం దగ్గరే అసలు తిరకాసంతా ఉంది.

"మరి డాక్యుమెంట్ చేసినా వినరు కదా!" అంటారా? వినరు, ఒప్పుకుంటాను. యాపిల్ మాకోఎస్‌లో సిస్టం కాళ్ళు స్థిరం కాదు, మా సిస్టం లైబ్రరీ ద్వారానే రండి అన్నది ముందునుంచీ ఉన్న మాటే. గో భాషవాళ్ళు లెక్కచెయ్యకుండా సరాసరి కెర్నెల్‌నే పిలిచేవారు. 2016లో సియెర్రా వచ్చింది, టైము చెప్పే సిస్టం కాల్ తీరు మారింది, గోలో రాసిన ప్రోగ్రాములు కుప్పకూలాయి. భాష కొత్త వెర్షన్లో సరిచేశారు గానీ, ముందే కంపైలయి ఉన్నవన్నీ మళ్ళీ కంపైల్ చేసుకోవాల్సొచ్చింది. అక్కడ యాపిల్ వెనక్కి తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ రాలేదు. గోవాళ్ళే 2018లో 1.11 వెర్షన్ నుంచి బుద్ధిగా సిస్టం లైబ్రరీ దారికి మారారు. పవర్‌టాప్ కథతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ తప్పెవరిదో ఎవరికీ సందేహం లేదు, సరైన దారేదో కూడా ముందే రాసుంది. గొడవ జరిగినా మూసుకునే దారి ఉంది. అక్కడ అది లేక కెర్నెల్ ఖాళీ బైట్లు మోసింది. డాక్యుమెంటేషన్ మొండివాణ్ణి ఆపలేదు. కానీ అమాయకుణ్ణి ఆపుతుంది. మన ఆఫీసుల్లో ఉండేది మొండివాళ్ళు కాదండీ, డెడ్‌లైను నెత్తిమీద ఉన్న అమాయకులు.

మైక్రోసాఫ్టుని తిట్టడం మన తరానికి ఫ్యాషను. అయినా ఈ విషయంలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. 2002లో అమెరికా ప్రభుత్వంతో కేసు పరిష్కారంలో భాగంగా అంతవరకూ దాచిపెట్టుకున్న కొన్ని లోపలి ఫంక్షన్లని బయటపెట్టాల్సొచ్చింది. వాటి పేజీలు తెరిచి చూడండి. మొదట్లోనే హెచ్చరిక: ఇది తర్వాతి విండోస్‌లో మారొచ్చు, అసలు ఉండకపోవచ్చు. దాని కిందే, నీకు ఫలానాది కావాలంటే దీని బదులు ఫలానా ఫంక్షను వాడుకో. మెడ మీద కోర్టు కత్తి ఉండబట్టే అనండి, అయినా పద్ధతి అదీ. వద్దు అని చెప్పి వదిలెయ్యకుండా, మరేది అన్న ప్రశ్నకి జవాబు చెప్పారు.

లినక్సుకి ఇంతకంటే మంచి పద్ధతి ఎప్పుడో ఉంది, తెలుసా? 2006లో కెర్నెల్ డాక్యుమెంటేషన్లో ఏబీఐ అని ఓ డైరెక్టరీ పెట్టి నాలుగు అరలు చేశారు. స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, కాలం చెల్లుతున్నవి, తీసేసినవి. ఒక్కో ఎంట్రీకి ఇదేమిటి, ఏ తేదీన వచ్చింది, ఏ కెర్నెల్లో వచ్చింది, ఎవర్ని అడగాలి, ఏం చేస్తుంది అని గడులు. ఆఖర్న 'వాడేవాళ్ళు' అని ఇంకో గడి. దాన్ని మించిన ఆలోచన నేనింకెక్కడా చూళ్ళేదు. ఈ ఇంటర్‌ఫేసు మీద ఆధారపడ్డవాళ్ళు తమ పేరు అక్కడ రాయించుకుంటే, మార్చే ముందు వాళ్ళకి కబురు చేస్తారన్నమాట. ముఖ్యంగా పరీక్షలో ఉన్నవాటికి ఇది చాలా అవసరమని అక్కడే రాశారు కూడా.

ఆ ఎంట్రీలు తిరగెయ్యండి. ఆ గడి ఖాళీగా ఉన్నవో, అసలు గడే లేనివో బోలెడు కనబడతాయి. ఇక్కడ తిట్టాల్సింది కెర్నెల్‌వాళ్ళని కాదు, మనల్ని. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా ఈ ఫైళ్ళు చదువుకుని బతికే ఏజెంట్లు ఎన్ని టీములు రాస్తున్నాయి? అందులో ఒక్క టీమైనా "మేం దీన్ని వాడుతున్నాం, మారిస్తే చెప్పండి" అని ఓ మూడు లైన్ల ప్యాచ్ పంపిందా? మేం పంపలేదు. ఆ డిస్కు గొడవ తర్వాత కూడా పంపలేదు. కస్టమరుకి పేజీలకి పేజీలు రిపోర్టు రాశాం గానీ, మూడు లైన్లు ఇటు రాయలేదు.

రెండు అభ్యంతరాలు మామూలుగా వస్తుంటాయి. వాటి సంగతీ చూద్దాం.

ఒకటి, సోర్సే డాక్యుమెంటేషన్ అనేది. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సోర్సు ఇవాళ ఏముందో చెప్తుంది, ఏం ఉంచాలనుకుంటున్నారో చెప్పదు. 'బ్లాక్' కింద డైరెక్టరీలున్నాయని 2.6.18 సోర్సు చదివినా అదే తెలుస్తుంది. అవి రేపు లింకులవుతాయని ఏ లైనులో ఉంటుంది? ఉద్దేశం మనిషి బుర్రలో ఉంటుంది. అది మనిషే రాయాలి.

రెండోది, తొమ్మిది పది వారాలకో కొత్త కెర్నెల్ వస్తుంటే ఎవరు రాస్తూ కూర్చుంటారు, రాసింది పాతబడితే ఇంకా ప్రమాదం కదా అనేది. ఇందులో నిజముంది. దానికి మందు కెర్నెల్‌వాళ్ళ సొంత నియమాల్లోనే ఉంది. ప్యాచ్ పంపేముందు సరిచూసుకోవాల్సిన పట్టిక ఒకటుంది వాళ్ళకి. బయటికి కనబడే కొత్త ఇంటర్‌ఫేసు ఏది పెట్టినా డాక్యుమెంట్ చెయ్యాలని అందులో ఉంది. కొత్తది పెట్టేటప్పుడు అడిగినట్టే, ఉన్నది మార్చేటప్పుడు కూడా అదే ప్యాచ్‌లో నాలుగు లైన్లు మార్చందే లోపలికి రానివ్వకండి. కోడు మార్చడానికి టైముంది గానీ దాని గురించి ఒక వాక్యం మార్చడానికి లేదంటే నేను నమ్మను.

ఇదంతా పాత పురాణం అనుకునేవాళ్ళకి బీపీఎఫ్ చూపిస్తాను. ఇప్పుడు ప్రతి రెండో కంపెనీ బీపీఎఫ్ మీద ఏదో ఒక టూలు అమ్ముతోంది. కెర్నెల్లో ఏ ఫంక్షనుకైనా కొక్కెం తగిలించుకోవచ్చు, ఏ స్ట్రక్చర్లోకైనా తొంగిచూడొచ్చు. గోడ మీద కూర్చోవడం పోయి ఏకంగా వంటింట్లో మంచమేశాం. 2021లో 5.14 కెర్నెల్ వచ్చినప్పుడు ఒక టాస్కు ఏ స్థితిలో ఉందో చెప్పే 'స్టేట్' అనే ఫీల్డు పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లు చేర్చారు. రెండే రెండు గీతలు! ఆ ఫీల్డు చదివే టూళ్ళు రెండు పేర్లకీ సరిపడేలా మారాల్సొచ్చింది. ఇంకోసారి డిస్కు పనుల లెక్క రాసే ఫంక్షనొకటి ఇన్‌లైనయి కొక్కేనికి అందకుండా పోయింది, బయోస్నూప్ లాంటివాటిని మళ్ళీ సవరించుకున్నారు.

ఇక్కడ జరిగిన మంచి కూడా చెప్పాలి. ఏ స్ట్రక్చర్లో ఏముందో యంత్రానికి అర్థమయ్యే రూపంలో కెర్నెల్ తనతోపాటే మోసుకొస్తోంది. బీటీఎఫ్ అంటారు. ఒకసారి కంపైల్ చేసి ఎక్కడైనా నడుపుకోవడం దాని పుణ్యమే. పవర్‌టాప్ చదవని ఆ 'ఫార్మాట్' ఫైలుకి ఇది మనవడనుకోండి. అలాగే బీపీఎఫ్ ప్రోగ్రాములు పిలుచుకోగల కెర్నెల్ ఫంక్షన్లకి ఒక డాక్యుమెంటు ఉంది. వీటికి స్థిరత్వం హామీ లేదు, అయినా ఊరికే తీసిపారెయ్యం, తీసెయ్యబోయేదానికి ముందే గుర్తు పెడతాం, వాడేవాళ్ళు చర్చలోకొచ్చి చెప్పండి అని సూటిగా రాశారు. నేను ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే! మారుతుందని చెప్తూనే డాక్యుమెంట్ చెయ్యొచ్చని వాళ్ళే చేసి చూపించారు. ఆకాశమేం విరిగి పడలేదు.

అయితే బీటీఎఫ్ ఒక్కటీ చాలదు. ఫీల్డు ఎక్కడుందో, దాని టైపేమిటో అది చెప్తుంది. దాని అర్థమేమిటో చెప్పదు. పేరు అదే ఉండి, అర్థం మారితే ప్రోగ్రాం ఏ గోలా లేకుండా నడిచి తప్పుడు లెక్క చూపిస్తుంది. మా పచ్చచుక్కల్లాగా. విరిగిపడే ప్రోగ్రాం కంటే నవ్వుతూ అబద్ధం చెప్పే ప్రోగ్రాం ప్రమాదం.

సరే, తిట్టడం తేలిక, ఏం కావాలో చెప్పమంటారు. మారే ఇంటర్‌ఫేసు ఒక్కోదానికి నాకు కావలసింది ఐదు లైన్లు.

1. ఇందులో ఏది మారొచ్చు, ఏది మారదు. అంతా మారొచ్చు అని చేతులు దులుపుకోవద్దు.
2. ఆఖరిసారి ఏ వెర్షన్లో మారింది, ఎలా మారింది.
3. మారిందని ప్రోగ్రాం తనంతట తాను ఎలా కనిపెట్టాలి.
4. ఇది వద్దనుకుంటే దీని బదులు ఏది వాడాలి. అలాంటిది లేకపోతే లేదని చెప్పండి.
5. దీని మీద ఆధారపడితే ఎవరికి చెప్పాలి.

ఈ ఐదూ ఉండాల్సింది కెర్నెల్ సోర్సులో ఓ మూల కాదు. అప్లికేషన్ రాసేవాడు చెయ్యి పెట్టగానే తగిలే చోట, అంటే మ్యాన్ పేజీలో.

మ్యాన్ పేజీ అన్నాను కాబట్టి ఇంకో చేదు నిజం. మైకేల్ కెరిస్క్ 2004 నుంచి ఏళ్ళ తరబడి ఆ ప్రాజెక్టుని భుజాన మోశాడు. మనలో చాలామంది సిస్టమ్స్ ప్రోగ్రామింగు నేర్చుకున్నది ఆయన పేజీల నుంచే. తర్వాత భారం ఎత్తుకున్న అలెహాంద్రో కొలొమార్ 2024లో, డబ్బు సాయం లేక ఇక చెయ్యలేనని పని ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ప్రపంచంలో సగం సర్వర్లు నడిపే కంపెనీలకి అప్పుడు మెలకువొచ్చింది. కొన్ని ముందుకొచ్చి డబ్బు ఏర్పాటు చేశాక పని మళ్ళీ మొదలైంది. ఒక్క మనిషి జీతం! మన కంపెనీల్లో ఒక క్వార్టరు టీమ్ లంచ్‌ల ఖర్చు లెక్కేస్తే చాలదూ?

ఇక మన వంతు. అవతలివాళ్ళు రాయలేదని మనం గుడ్డిగా నడవక్కర్లేదు. స్థిరం కాని చోట అడుగు పెట్టినప్పుడు కోడులో ఓ కామెంటు పెట్టండి, ఏ కెర్నెల్ మీద సరిచూశారో రాయండి. అన్నిటికంటే ముఖ్యం, సున్నా డిస్కులు వస్తే అది ఆరోగ్యం కాదు, ఎర్రచుక్క. డిస్కు లేని సర్వరు ఉండొచ్చు గానీ నిన్న పన్నెండుండి ఇవాళ సున్నా అయితే కేకెయ్యాలి. రివ్యూ చేసేవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, "ఇది మారితే ఏమవుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగాలి. 2011లో నేనది అడగలేదు.

పైన చెప్పిన కుర్రాడు ఆ మరుసటేడు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నేనేదో సర్దిచెప్పబోతే, "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదనడం వాడి మంచితనం. ఆ సిస్‌ఎఫ్‌ఎస్ నియమాల ఫైలు ప్రింటు తీసి వాడికివ్వాలని బ్యాగులో పెట్టుకెళ్ళాను, ఇవ్వలేదు. ఇచ్చి ఏం చెప్పాలి? "ఇదిగో, ఇక్కడ రాసుంది, తప్పు నీదే" అనా?

తా.క.: ఇదంతా చదివి "మరి మీ టీము ఏపీఐలన్నీ డాక్యుమెంట్ చేశారా మాస్టారూ?" అని అడిగే పుణ్యాత్ములకి ముందే చెప్తున్నా. లేదు. మా సర్వీసులో 'ఇంటర్నల్' అని పేరుపెట్టి వదిలేసిన ఎండ్‌పాయింట్లు పదకొండున్నాయి. లాగ్ చూస్తే వాటిలో నాలుగింటిని పక్క టీములవాళ్ళు వాడేస్తున్నారు. నాలుగింటికీ ఐదేసి లైన్లు నిన్న రాత్రే రాశాను. మిగతా ఏడూ ఈ వారంలో.